క్షమించే హక్కు ఎవరిది?

ఒక నిండు ప్రాణాన్ని అన్యాయంగా తీసినవాడికి న్యాయస్థానం మరణశిక్ష విధించవచ్చా? కేథలిక్ చర్చి నేడు దీనికి ఇస్తున్న జవాబు 'ఎట్టి పరిస్థితుల్లోనూ వీల్లేదు' అనే. 2018 ఆగస్టు 2న ఆ చర్చి తన అధికారిక ధర్మబోధ గ్రంథంలోని 2267వ పేరాను మార్చినట్లు ప్రకటించింది. మరణశిక్ష ఆమోదయోగ్యం కాదనీ, ప్రపంచమంతటా దాని రద్దు కోసం చర్చి పాటుపడుతుందనీ అందులో చేర్చారు. పోప్ ఫ్రాన్సిస్ 2020లో వెలువరించిన 'ఫ్రతెల్లి తుత్తి' లేఖలో అదే మాటను మరింత గట్టిగా చెప్పారు. జీవితాంతం జైలులో ఉంచడం కూడా చాటుమాటు మరణశిక్షేనని అన్నారు. ఆయన 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. చర్చి బోధ మాత్రం అలాగే కొనసాగుతోంది.

వేరే మతం వారి విషయం మనకెందుకని కొందరు పాఠకులు అనుకోవచ్చు. కాని మన పిల్లలు మిషనరీ పాఠశాలల్లో చదువుతున్నారు. మన యువకులు క్రైస్తవ సోదరులతో కలిసి ఉద్యోగాలు చేస్తున్నారు. "మా ధర్మంలో క్షమ ఉంది, మీ ధర్మంలో ప్రాణానికి ప్రాణం ఉంది" అనే మాట ఎప్పుడో ఒకప్పుడు వారి చెవిన పడుతుంది. అప్పుడు కొందరు జవాబు తెలియక తలదించుకుంటారు. మరికొందరు ఎదుటివారి మతాన్ని ఎగతాళి చేస్తారు. ఈ రెండూ విశ్వాసికి తగినవి కావు. ముందు వారు చెబుతున్నదేమిటో న్యాయంగా తెలుసుకోవాలి, ఆ తరువాత మన ధర్మం ఏం చెబుతోందో చూడాలి.

చర్చి ఈ అభిప్రాయానికి ఒక్క రోజులో రాలేదు. తొలి శతాబ్దాల మతాచార్యులలో రెండు ధోరణులూ కనిపిస్తాయి. పాలకుడి చేతిలోని ఖడ్గం దేవుడు అనుమతించినదేనని వారు ఒప్పుకునేవారు. అయినా అది వాడే సమయం వచ్చినప్పుడు ఆపడానికి ప్రయత్నించేవారు. ఉత్తర ఆఫ్రికాలో ఒక వర్గానికి చెందినవారు ఒక మతగురువును చంపి, మరొకరిని అంగవికలుణ్ణి చేశారు. ఆ నేరస్తులను చంపవద్దనీ, వారి అవయవాలు నరకవద్దనీ అగస్టీన్ సుమారు 412లో రోమన్ అధికారి మార్సెల్లినస్‌కు లేఖ రాశారు. చనిపోయినవారు ఆయన సొంత మనుషులు. అయినా బ్రతకనివ్వమని అడిగారు. ఈ లేఖ పట్ల మనకు గౌరవం ఉంది.

ఆ తరువాత శతాబ్దాలలో గాలి మారింది. 13వ శతాబ్ది ఆరంభంలో పోప్ మూడవ ఇన్నోసెంట్, పాలకుడు రక్తశిక్ష విధించడం పాపం కాదని ఒప్పుకుంటేనే కొందరు భిన్నమతస్తులను చర్చిలోకి తిరిగి తీసుకుంటామన్నారు. అదే శతాబ్దంలో థామస్ అక్వినాస్, కుళ్లిన అవయవాన్ని శరీరం మేలు కోరి వైద్యుడు తొలగించినట్లే సమాజం మేలు కోరి హంతకుణ్ణి తొలగించవచ్చని వాదించారు. 1566లో వెలువడిన రోమన్ ధర్మబోధ గ్రంథం న్యాయబద్ధమైన మరణశిక్షను దైవాజ్ఞ ఉల్లంఘనగా కాక, దైవాజ్ఞా పాలనగానే పేర్కొంది. ఇవి పుస్తకాలలో మిగిలిపోయిన మాటలు కావు. రోమ్‌లో తలారిగా 1796 నుంచి 1864 వరకు పనిచేసిన జొవాన్ని బత్తీస్తా బుగాత్తి తన చేతిమీదుగా జరిగిన 516 మరణశిక్షల లెక్క రాసిపెట్టుకున్నాడు. మధ్యలో కొన్నేళ్లు ఫ్రెంచి పాలన నడిచింది నిజమే. మిగతా కాలమంతా అతని యజమాని పోపే. 1929లో ఏర్పడిన వాటికన్ రాజ్యం కూడా, పోప్‌పై హత్యాప్రయత్నం చేసినవారికి మరణశిక్ష అనే నిబంధనను 1969 వరకు తన చట్టంలో ఉంచుకుంది. దానిని ఎన్నడూ అమలు చేయలేదు.

ఇది చర్చిని ఎత్తిపొడవడానికి రాయడం లేదు. క్షమ ఒక మతం సొత్తు, ఖడ్గం మరో మతం సొత్తు అనే మాట చరిత్ర ముందు నిలవదని చెప్పడానికే రాస్తున్నాం.

1992 నాటి ధర్మబోధ గ్రంథం అతి తీవ్రమైన నేరాలకు మరణశిక్షను అనుమతించింది. మూడేళ్లకే, 1995లో, పోప్ రెండవ జాన్ పాల్ అలాంటి అవసరం నేటి కాలంలో దాదాపు రాదని రాశారు. ఫ్రాన్సిస్ ఆ 'దాదాపు'ను కూడా తీసివేశారు. ఈ మార్పు ఆ చర్చిలోనే అందరికీ రుచించలేదు. అమెరికాలో కార్డినల్ ఎవరీ డల్లెస్ 2001లో, పాత బోధ రద్దు కాలేదనీ, ఆచరణలో మాత్రమే జాగ్రత్త అవసరమనీ రాశారు. కేథలిక్ అయిన సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆంటొనిన్ స్కాలియా 2002లో పోప్ అభిప్రాయంతో బాహాటంగా విభేదించారు. 2018లో మార్పు ప్రకటించిన కొద్ది రోజులకే పదుల సంఖ్యలో పండితులు, గురువులు కార్డినళ్లకు బహిరంగ విజ్ఞప్తి పంపారు. పూర్వ గ్రంథాలు అనుమతించినదాన్ని ఒక పోప్ ఎలా నిషేధిస్తారన్నదే వారి ప్రశ్న. బోధ పెరుగుతుందే కాని తలకిందులు కాదని చర్చి వారికి సమాధానం ఇచ్చింది. అది వారి ఇంటి చర్చ, వారే తేల్చుకోవాలి.

చర్చి చూపే కారణాలలో ముఖ్యమైనవి ఇవి: ఎంత ఘోరమైన నేరం చేసినా మనిషి గౌరవం పోదు, నేటి జైళ్లు నేరస్తుణ్ణి సమాజానికి దూరంగా ఉంచగలవు, చంపేస్తే మారే అవకాశమే మూసుకుపోతుంది. న్యాయస్థానం పొరబడితే ఆ పొరబాటును దిద్దుకునే దారి ఉండదని కూడా పోప్‌లు పదే పదే గుర్తుచేశారు. ఈ చివరి మాటను ముస్లింలు తేలికగా తీసుకోరాదు. అనుమానం ఉన్నచోట హద్దు శిక్షలను ఆపాలన్నది మన ఫిఖ్హ్‌లో స్థిరపడిన సూత్రం. శిక్షించడంలో పొరబడటం కన్నా క్షమించడంలో పొరబడటం పాలకుడికి మేలన్న భావం హదీసు గ్రంథాలలో ఉంది. దాని ఉల్లేఖన పరంపరపై ముహద్దిసులు చర్చించినా, ఫఖీహులు ఆ భావాన్ని స్వీకరించారు.

ఇంకొక కారణం ఉందని మాకు తోస్తుంది. కేథలిక్ సోదరుడు ప్రతి ఆదివారం ప్రార్థనకు వెళ్లి తలెత్తి చూసేది ప్రభుత్వం మరణశిక్ష వేసిన ఒక నిరపరాధి ప్రతిమను. హజ్రత్ ఈసా (అ)ను శత్రువులు చంపలేదనీ, శిలువ వేయలేదనీ మనం విశ్వసిస్తాం. కనుక ఆ దృశ్యం మన హృదయంలో లేదు. వారి హృదయంలో అది ఎంత లోతుగా నాటుకుని ఉంటుందో మనం అర్థం చేసుకోగలగాలి.

ఇంతవరకు బాగానే ఉంది. ఈ బోధ అంతటిలో ఒక వ్యక్తి మనకు కనిపించడం లేదు. చర్చి హంతకుడి గురించి మాట్లాడుతోంది, ప్రభుత్వం గురించి మాట్లాడుతోంది, సమాజ రక్షణ గురించి మాట్లాడుతోంది. చనిపోయినవాడి తల్లి ఎక్కడ? అతని భార్య ఎక్కడ? తండ్రి లేకుండా మిగిలిన పిల్లవాడు ఎక్కడ? వారిని ఓదార్చాలనీ, వారికి తోడుగా నిలవాలనీ చర్చి తప్పక చెబుతుంది. కాని తీర్పులో వారికి చోటు ఏది?

జాన్ పాల్ జీవితంలోని రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

1981 మే 13న రోమ్‌లో మెహ్మెత్ అలీ అగ్జా అనే తుర్కియా దేశస్తుడు ఆయనపై కాల్పులు జరిపాడు. నాలుగు రోజులకే, ఆసుపత్రిలో ఉండగానే, తనను కాల్చినవాణ్ణి క్షమిస్తున్నానని ఆయన ప్రకటించారు. 1983 డిసెంబరులో జైలుకు వెళ్లి అతని పక్కన కూర్చుని మాట్లాడారు. గాయం ఆయనది, క్షమించే హక్కూ ఆయనదే. ఏ ముస్లిమైనా దీన్ని మెచ్చుకోవలసిందే.

1999 జనవరిలో ఆయన అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రానికి వెళ్లారు. ముగ్గురిని హత్య చేసి మరణశిక్ష కోసం ఎదురుచూస్తున్న ఒక ఖైదీపై దయ చూపమని అక్కడి గవర్నర్ మెల్ కార్నహాన్‌ను కోరారు. గవర్నర్ ఆ శిక్షను యావజ్జీవ ఖైదుగా మార్చారు. ఇక్కడ అడిగింది పోప్, ఇచ్చింది గవర్నర్. చనిపోయిన ముగ్గురూ ఆ ఇద్దరిలో ఎవరి రక్తసంబంధీకులూ కారు. ఆ ముగ్గురి బంధువుల చేతిలో చట్టం ఏ అధికారమూ పెట్టలేదు.

ఈ రెండింటినీ ఒకే 'క్షమ' అనే పేరుతో పిలవవచ్చా? పిలవలేమని మేము భావిస్తున్నాం. అగ్జా కథలో మిగిలిన భాగమే దీన్ని విశదం చేస్తుంది. 2000లో ఇటలీ అధ్యక్షుడు అతనికి క్షమాభిక్ష ఇచ్చి తుర్కియాకు పంపారు. అక్కడ అతణ్ణి మళ్లీ జైలులో పెట్టారు. 1979లో ఇస్తాంబుల్‌లో పత్రికా సంపాదకుడు అబ్దీ ఇపెక్చిని హత్య చేసిన కేసు అతనిపై ఉంది. పోప్ ఎంత మనస్ఫూర్తిగా క్షమించినా, ఇపెక్చి రక్తం ఆ క్షమలో కలిసిపోలేదు. కలవకూడదు కూడా.

దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితంలో ఇలాంటి సంఘటనే ఉంది. ఖైబర్‌లో ఒక స్త్రీ విషం కలిపిన మాంసం ఆయన ముందు పెట్టింది. ఆమెను చంపమంటారా అని సహచరులు అడిగితే ఆయన వద్దన్నారు. తనకు జరిగిన కీడును తాను వదిలివేశారు. కాని అదే మాంసం తిన్న బిష్ర్ బిన్ బరా (రజి) ఆ విషంతో మరణించారు. అప్పుడు ఆమెకు శిక్ష అమలయిందని అబూదావూద్ గ్రంథంలోని ఒక ఉల్లేఖనం తెలుపుతోంది. ఈ విషయంలో ఉల్లేఖనాలు భిన్నంగా ఉన్నాయి. పండితులు వాటిని సమన్వయం చేస్తూ, మహాప్రవక్త (స) తన హక్కును క్షమించారనీ, బిష్ర్ (రజి) ప్రాణానికి సంబంధించిన హక్కు వేరనీ వివరించారు.

దివ్య ఖుర్ఆన్ ఈ హక్కును ఎవరి చేతిలో పెట్టిందో చూడండి. బఖరా సూరా 178వ ఆయత్‌లో హత్య విషయంలో ఖిసాస్ విధిగా నిర్ణయించబడింది. అదే ఆయత్‌లో, హతుని వారసులు క్షమించదలిస్తే రక్తపరిహారం మంచి పద్ధతిలో చెల్లించే మార్గమూ తెరవబడింది. ఆ సందర్భంలో అల్లాహ్ హంతకుణ్ణీ, హతుని వారసుణ్ణీ సోదరత్వమనే మాటతో కలిపాడు. ఎంత ఘోరమైన పాపం చేసినా ఆ బంధం తెగిపోలేదన్నమాట. మనిషి గౌరవం గురించి చర్చి చెబుతున్న మాటకు ఇది దూరమైనదేమీ కాదు. మాయిదా సూరా 45వ ఆయత్‌లో, తౌరాతులో ప్రాణానికి ప్రాణం అనే శాసనం ఉందని గుర్తుచేసి, తన హక్కును దానంగా వదులుకున్నవాడికి అది పాపపరిహారం అవుతుందని అల్లాహ్ తెలియజేశాడు. బనీ ఇస్రాయీల్ సూరా 33వ ఆయత్ వారసునికి అధికారం ఇస్తూనే, చంపే విషయంలో హద్దు మీరవద్దని కట్టడి చేసింది.

అరబ్బుల అజ్ఞాన కాలంలో ఒక తెగవాడు చస్తే ఎదుటి తెగలో పదిమందిని చంపేవారు. అలాంటి పాత పగలన్నింటినీ ఆఖరి హజ్ ప్రసంగంలో దైవప్రవక్త (స) రద్దు చేశారు. మొట్టమొదట రద్దు చేసింది తన సొంత వంశానికి రావలసిన రక్తాన్నే. హజ్రత్ అలీ (రజి)పై కూఫా మస్జిదులో ఖడ్గంతో దాడి జరిగినప్పుడు, తాను బ్రతికితే నిర్ణయం తనదనీ, చనిపోతే ఆ ఒక్కడినే ఒకే దెబ్బతో శిక్షించాలనీ, అతని శరీరాన్ని ఛిద్రం చేయవద్దనీ కుమారులకు చెప్పారు. ప్రాణం పోతున్న వేళ కూడా హక్కు ఎవరిది, దాని హద్దు ఏది అన్నది ఆయనకు స్పష్టంగా ఉంది.

మరి దైవప్రవక్త (స) వారసులకు ఏం బోధించేవారు? ఖిసాస్ వ్యవహారం ఏది తన ముందుకు వచ్చినా ఆయన క్షమించమనే ప్రోత్సహించేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ప్రోత్సహించేవారు, బలవంతం చేసేవారు కాదు. ఇక ఫఖీహులలో అధికసంఖ్యాకుల ప్రకారం, వారసులు పదిమంది ఉండి అందులో ఒక్కరు క్షమించినా ఖిసాస్ ఆగిపోతుంది. మిగతావారికి దియ్యత్‌లో వాటా దక్కుతుంది. చంపాలంటే అందరూ ఏకం కావాలి, బ్రతికించడానికి ఒక్కరు చాలు. ఇస్లాం ప్రతీకార ధర్మమని అనేవారికి ఈ ఒక్క నియమం వినిపిస్తే చాలునని మా అభిప్రాయం.

కేథలిక్ చరిత్రలోనూ హతుల కుటుంబాల క్షమకు గొప్ప ఉదాహరణలు ఉన్నాయి. 1902లో ఇటలీలో మరియా గొరెత్తి అనే పదకొండేళ్ల బాలికను ఒక యువకుడు పొడిచి చంపాడు. ప్రాణం పోయేముందు ఆ పాప అతణ్ణి క్షమించింది. 27 ఏళ్లు జైలులో గడిపి బయటికి వచ్చిన హంతకుడు ఆ పాప తల్లి అస్సుంతా దగ్గరికి వెళ్లి క్షమించమని వేడుకున్నాడు. ఆమె క్షమించింది. 1950లో తన కూతురిని చర్చి పునీతురాలిగా ప్రకటించినప్పుడు ఆ తల్లి అక్కడే ఉంది. ఆ తల్లి గుండెకు ఎవరైనా తలవంచవలసిందే. కాని ఇటలీలో అప్పటికే సాధారణ నేరాలకు మరణశిక్ష లేదు. ఆమె క్షమించినా, క్షమించకపోయినా హంతకుడి ప్రాణానికి వచ్చే లాభనష్టం లేదు. ఆమె చేతిలో ఉన్నది తన మనసు మాత్రమే. ఇస్లాంలోనైతే అలాంటి తల్లి నోటిమాట ఒక మనిషిని బ్రతికిస్తుంది. ఒక మనిషి ప్రాణం కాపాడితే మానవులందరినీ కాపాడినట్లేనన్న మాయిదా సూరా 32వ ఆయత్ భావం ఆమె పట్ల అక్షరాలా నిజమవుతుంది.

ఇక్కడ మన వంతు ఆత్మపరిశీలన కూడా చేసుకోవాలి. ధర్మం ఇంత సుందరంగా ఉందని చెప్పి ఊరుకుంటే అది సగం నిజమే. దియ్యత్ ధనవంతుడికి తప్పించుకునే దారి అయిపోయిందన్న విమర్శ ఉంది. గల్ఫ్‌లో పనిచేసేవారి ఇళ్లలో 'బ్లడ్ మనీ' అనే మాట తెలియనివారు లేరు. డబ్బు కూడదీయలేక సంవత్సరాల తరబడి జైలులో ఉండిపోయే పేదవాళ్లు ఉన్నారు. పాకిస్తాన్‌లో పరువు పేరిట చెల్లెలిని చంపిన అన్నను తండ్రి 'క్షమించి' ఇంటికి తెచ్చుకునేవాడు. చంపించినవారే వారసులై క్షమించడం ఖుర్ఆన్ ఉద్దేశించిన క్షమ ఎలా అవుతుంది? 2016 అక్టోబరులో ఆ దేశ పార్లమెంటు చట్టాన్ని సవరించి, అలాంటి హత్యలలో కుటుంబం క్షమించినా హంతకుడికి యావజ్జీవ ఖైదు తప్పదని నిర్ణయించింది. ఇది షరీఅత్‌కు విరుద్ధమని కొందరు గోల చేశారు. కాని వారసులు క్షమించిన హంతకుడికి కూడా నూరు కొరడా దెబ్బలు, ఏడాది జైలు ఉండాలని ఇమామ్ మాలిక్ ఏనాడో అన్నారు. ఖిసాస్ వారసుల హక్కు. సమాజాన్ని కాపాడటం పాలకుడి బాధ్యత. ఒకటి వదులుకున్నంత మాత్రాన రెండోది మాయం కాదు.

మరో విషయం. ఇరాన్, సౌదీ అరేబియాలలో ఇటీవలి సంవత్సరాలలో అమలైన మరణశిక్షలలో గణనీయమైన భాగం మత్తుపదార్థాల కేసులవి. సౌదీలో అలా శిక్షింపబడినవారిలో విదేశీయులు చాలామంది. ఇవి ఖిసాస్ కావు. అక్కడ క్షమించడానికి వారసుడే ఉండడు. వీటిని పాలకుల విచక్షణ కింద సమర్థించే పండితులు ఉన్నారు. కాని ఇలాంటి చోట చర్చి వేస్తున్న ప్రశ్నలకు, అంటే విచారణ న్యాయంగా జరిగిందా, జైలు సరిపోదా, పొరబాటు జరిగితే ఎవరు బాధ్యులు అనే ప్రశ్నలకు ముస్లింలు జవాబు చెప్పవలసే ఉంది. ఖిసాస్ ఆయత్‌లను అడ్డుపెట్టుకుని వాటిని దాటవేయరాదు.

మరి వారసుడే లేని హతుడి మాటేమిటి? అప్పుడు పాలకుడే అతని సంరక్షకుడు. అయినా పాలకుడు ఉచితంగా క్షమించలేడన్నది హనఫీ ఫఖీహుల మాట. హజ్రత్ ఉమర్ (రజి) హత్యకు గురైనప్పుడు ఆయన కుమారుడు ఉబైదుల్లాహ్, కుట్రలో ఉన్నాడన్న అనుమానంతో హుర్ముజాన్‌ను చంపాడు. చంపింది ఖలీఫా కుమారుడు, చనిపోయింది ఒక పారశీకుడు. ఒక ఉల్లేఖనం ప్రకారం, కొత్త ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) ఉబైదుల్లాహ్‌ను వదలదలచి, ఆ రక్తపరిహారాన్ని తన సొంత ధనం నుంచి చెల్లించారు. మిస్సోరీ గవర్నర్ సంతకం ఒక్కటి పెడితే సరిపోయింది.

దయ చూపమని పెద్దలు అడిగితే వారసుడు కాదనవచ్చా అన్న ప్రశ్న మిగిలి ఉంది. ఇబ్నె ఖుదామా 'అల్ ముగ్నీ'లో ఒక సంఘటన పేర్కొన్నారు. హజ్రత్ ముఆవియా (రజి) పాలనా కాలంలో హుద్బా బిన్ ఖష్రమ్ అనేవాడు ఒకరిని చంపాడు. హతుని కుమారుడు ఇంకా చిన్నవాడు. ఆ పిల్లవాడి తరఫున మరెవరూ నిర్ణయం తీసుకోలేదు. అతను యుక్తవయసుకు వచ్చేదాకా హంతకుణ్ణి జైలులోనే ఉంచారు. పిల్లవాడు పెరిగి పెద్దవాడయ్యాడు. అప్పుడు దైవప్రవక్త (స) మనుమలు హజ్రత్ హసన్, హజ్రత్ హుసైన్ (రజి), సయీద్ బిన్ ఆస్ (రజి) అతని ముందు ఏడు దియ్యత్‌లు, అంటే ఏడు వందల ఒంటెల విలువ పెట్టి, హంతకుణ్ణి వదలమని కోరారు. ఆ కాలంలో అంతకన్నా గొప్ప సిఫారసు లేదు. అతను ఒప్పుకోలేదు. వారు ఒత్తిడి చేయలేదు. ఖిసాస్ అమలయింది.